చిన్నీ, బుకింగ్స్ ఓపెన్ చేసే ముందు ఇది చదువు

చిన్నీ,

నిన్న మీ నాన్న ఫోన్‌లో నీ సంగతంతా చెప్పాడు. లోన్ పెట్టి కొన్న ఆ రెండో ఫ్లాట్‌ని రోజుల లెక్కన గెస్టులకి ఇద్దామనుకుంటున్నావట, ఫోటోలు కూడా తీయించావట, వచ్చే నెల బుకింగ్ సైటులో లిస్టింగ్ పెట్టేస్తావట. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను, ఉద్యోగం చేసుకుంటూనే ఇంత ధైర్యం చేసింది చూడండి నా మేనకోడలు అని మీ మావయ్యతో ఒకటికి రెండు సార్లు చెప్పుకున్నా. ఆ తర్వాత మీ నాన్న ఇంకో మాట అన్నాడు. మీ దగ్గర షార్ట్ టర్మ్ అద్దెలకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ డ్రాఫ్ట్ రూల్స్ వచ్చాయని, నువ్వేమో "ఇంకా ప్రపోజలే కదా నాన్నా, ఫైనల్ అయినప్పుడు చూద్దాంలే" అన్నావని. అక్కడ నా గుండె ఝల్లుమంది. అచ్చం ఇదే మాట, ఇదే తేలిక గొంతుతో మీ మావయ్య నోట విన్నదాన్ని నేను. అందుకే వాట్సాప్‌లో నాలుగు ముక్కలు సరిపోవని కూర్చుని రాస్తున్నా, విసుక్కోకుండా చివరిదాకా చదువు.

దుప్పట్లు, తాళాలు, వైఫై, శుభ్రం చేసే మనిషి, ఇవి నీకు నేను చెప్పక్కర్లేదు. ఇల్లు నీట్‌గా పెట్టడంలో నువ్వు మీ అమ్మ కూతురివి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ రూల్స్ చూడు, లోన్ అగ్రిమెంట్‌లో అద్దెకివ్వడం గురించి ఏముందో చూడు, ఇన్సూరెన్స్ వాళ్ళకి గెస్టులు వస్తారని ముందే చెప్పు. అంతే.

ఇక ఆ డ్రాఫ్ట్. న్యూస్‌లో వచ్చిన నాలుగు లైన్లు కాదు, అసలు కాగితం డౌన్‌లోడ్ చేసుకుని చదువు. ముందు డెఫినిషన్స్ చదువు తల్లీ, అందరూ దాటేసేది అదే, అసలు కథంతా ఉండేది అక్కడే. ఎన్ని రోజుల లోపు ఉంటే షార్ట్ టర్మ్ అంటున్నారు, హోస్ట్ అంటే, అదే గెస్టులకి ఇల్లు ఇచ్చే మనిషి అంటే, ఓనరేనా అద్దెకున్నవాళ్ళు కూడానా, నువ్వు నివసించే ఇంటికొక రూలు, ఖాళీగా ఉన్న రెండో ఇంటికొక రూలు ఉందా, ఏడాదికి ఇన్ని రాత్రులే అని లిమిట్ పెట్టారా. నీది రెండో ఫ్లాట్ అని మర్చిపోకు. చాలా చోట్ల కత్తెర పడింది సరిగ్గా అక్కడే. న్యూయార్క్‌లో 2023 సెప్టెంబర్ నుంచి 30 రోజుల లోపు అద్దెకివ్వాలంటే రిజిస్టర్ చేసుకోవాలి, హోస్ట్ అదే ఇంట్లో ఉండాలి, గెస్టులు ఇద్దరికి మించకూడదు. ప్యారిస్‌లో సొంతంగా ఉండే ఇంటినే ఏడాదికి 120 రోజులు ఇవ్వనిచ్చేవాళ్ళు, 2025 నుంచి దాన్ని 90 చేశారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో అయితే మామూలు ఇంటిని 30 రాత్రులకి మించి ఇవ్వడానికి లేదు. మీ దగ్గర ఇలాగే వస్తుందని నేననడం లేదు, కానీ 365 రోజులూ నిండుతుందని లెక్కేసి ఈఎంఐ కట్టుకుందామనుకుంటే ఆ లెక్క 90 రాత్రులకి కూడా నిలబడుతుందో లేదో ఈ రాత్రే ఒక కాగితం మీద వేసి చూడు. నిలబడకపోతే నెలవారీ అద్దెకిస్తే ఎంతొస్తుందో దాని పక్కనే రాసుకో.

ఇప్పుడు మావయ్య సంగతి చెప్తాను, నీకు ఎవరూ పూర్తిగా చెప్పి ఉండరు, ఆయన చెప్పుకోరు.

అప్పట్లో మేం పై పోర్షన్ గెస్టులకి ఇచ్చేవాళ్ళం, బాగానే నడిచేది. ఆ ఊపులో మా అత్తగారి ఫ్లాట్ కూడా అలాగే పెట్టారు. అదీ బాగా నడిచింది. అంతలో డ్రాఫ్ట్ వచ్చింది. తెలిసినవాళ్ళందరూ ఇవి ఎప్పుడూ వచ్చేవే, మూలన పడి ఉంటాయి అన్నారు, ఆయన కూడా ప్రపోజలేగా అని ఊరుకున్నారు. ఊరుకుంటే బాగుండేది, అక్కడితో ఆగలేదు, రూల్ వచ్చేలోపే బుకింగ్స్ నింపేసుకుందామని క్యాలెండర్ మరుసటి ఏడాదికంతా ఓపెన్ చేశారు, ముందుగా బుక్ చేసుకుంటే తగ్గింపు అన్నారు, వచ్చిన అడ్వాన్సులు చూసుకుని కొత్త మంచాలు, ఏసీలు వాయిదాల మీద తెచ్చారు. డ్రాఫ్ట్‌లో ఒక్క వాక్యం ఉంది చిన్నీ, దరఖాస్తు చేసే వ్యక్తి ఏడాదిలో ఎక్కువ కాలం ఆ ఇంట్లోనే నివసిస్తూ ఉండాలి అని. అది మొదటి రోజు నుంచీ అక్కడే ఉంది. ఎవరూ దాచలేదు.

ఫైనల్ రూల్ వచ్చాక ఫారం తెరిస్తే అప్పుడు బయటపడ్డాయి ఒక్కొక్కటీ. ఫ్లాట్ దస్తావేజులు ఇంకా అత్తగారి పేరు మీదే, కరెంటు బిల్లు ఈయన పేరు మీద, ఈయన ఐడీ ప్రూఫ్‌లో అడ్రస్ మేముండే ఇంటిది. మూడు కాగితాలు మూడు మాటలు చెప్తున్నాయి. ఫారాలు నింపిపెట్టే ఆయన ఒకడున్నాడు, "మీరు ఇక్కడే ఉంటారా అన్నదానికి అవునని టిక్ పెట్టేయండి సార్, ఎవడొచ్చి చూస్తాడు" అన్నాడు. మీ మావయ్య పెట్టలేదు. చేతిలో అన్ని బుకింగ్స్ పెట్టుకుని, నెత్తిన వాయిదాలు పెట్టుకుని కూడా కాదు అనే టిక్ పెట్టారు. రిజిస్ట్రేషన్ నంబర్ రాలేదు, లిస్టింగ్ పోయింది.

ఆ తర్వాత వారమంతా ఆయన డైనింగ్ టేబుల్ దగ్గరే. నోట్‌బుక్‌లో గెస్టుల పేర్లు వరసగా రాసుకుని, సైటు వాళ్ళు ఎలాగూ క్యాన్సిల్ మెసేజ్ పంపిస్తారు అని నేనంటున్నా వినకుండా, ఒక్కొక్కళ్ళకీ తనే ఫోన్ చేసి క్షమించమని చెప్పారు. కొందరు తిట్టారు, కొందరు పోనీలెండి అన్నారు. ఒకమ్మాయి మాత్రం ఏడ్చేసింది, వాళ్ళమ్మకి ఆపరేషన్, ఆస్పత్రికి దగ్గరని మా ఫ్లాట్ నెలల ముందే బుక్ చేసుకుందట. ఆ రోజంతా తిరిగి వాళ్ళకి వేరే చోట గది చూసి, తేడా డబ్బు తను కట్టి వచ్చారు. పేరు మీద గీత కొట్టి అలా కూర్చుండిపోయారు, భోజనానికి పిలిచినా లేవలేదు. ఆ మంచాలు సగం ధరకి కూడా పోలేదు, వాయిదాలు మాత్రం చివరిదాకా కట్టాం. ఇదంతా ఆయన్ని తక్కువ చేయడానికి రాయడం లేదు, ఆయనంటే నీకెంత ఇష్టమో నాకు తెలుసు. నువ్వు ఆ కుర్చీలో కూర్చోకూడదని రాస్తున్నా.

మా ఒక్కళ్ళకే జరిగిందని కూడా అనుకోకు. జపాన్‌లో 2018 జూన్‌లో కొత్త చట్టం అమల్లోకి వచ్చే ముందు ఎయిర్‌బీఎన్‌బీ అనే బుకింగ్ సైటు, రిజిస్ట్రేషన్ నంబర్ లేని లిస్టింగులు వేలకి వేలు తీసేసింది, అప్పటికే ఉన్న బుకింగ్స్ కూడా రద్దయిపోయాయి, ప్రయాణానికి సిద్ధమైనవాళ్ళు ఇరుక్కుపోయారు. బార్సిలోనాలో అయితే ఉన్న పదివేల చిల్లర టూరిస్ట్ ఫ్లాట్ల లైసెన్సులు 2028 నవంబర్ తర్వాత రెన్యూ చేసేది లేదని మేయర్ 2024లోనే ప్రకటించారు, అంటే ఈ రోజు లైసెన్స్ చేతిలో ఉన్నవాళ్ళకే రేపటి భరోసా లేదు.

నీకు ఇంకొకటి ప్రత్యేకంగా చెప్పాలి. పాత హోస్టులకి కొంత గడువు ఇస్తారులే అని వినే ఉంటావు. ఇస్తారు, కానీ అది పాతవాళ్ళకి. స్కాట్లాండ్‌లో ఇలాగే లైసెన్స్ పెట్టినప్పుడు, 2022 అక్టోబర్‌కి ముందే నడుపుతున్నవాళ్ళకి అప్లై చేసుకోవడానికి 2023 అక్టోబర్ దాకా టైమ్ ఇచ్చారు, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మాత్రం లైసెన్స్ చేతికొచ్చాకే బుకింగ్ తీసుకోవాలన్నారు. నువ్వు ఏ వైపు పడతావో మీ డ్రాఫ్ట్‌లో వెతుకు, ఏ తేదీ నాటికి నడుస్తూ ఉండాలి, దానికి రుజువు ఏం అడుగుతున్నారు అని. ఆ తేదీలోపు హడావిడిగా ఒక గెస్టుని పెట్టేసి పాతదాన్ని అనిపించుకుందామని మాత్రం అనుకోకు, నీ బుర్ర అటే పోతుందని నాకు తెలుసు.

ఎవరొచ్చి చూస్తారులే అన్న మాట ఇప్పుడు అసలే చెల్లదు. ఇదివరకు ఆఫీసు వాళ్ళు ఇల్లిల్లూ తిరగాలి, ఇప్పుడు నంబర్ లేని ఇంటిని చూపించినందుకు సైటుకే జరిమానా వేసేలా రాస్తున్నారు, అందుకని సైటే నిన్ను ఆపేస్తుంది. యూరోపియన్ యూనియన్‌లో 2024లో చేసిన రూల్ 2026 మే 20 నుంచి వర్తిస్తుంది, నంబర్ ఆన్‌లైన్‌లో అడిగిన వెంటనే ఇచ్చేస్తారు, కానీ తర్వాత తనిఖీ చేసి తప్పని తేలితే ఆపేస్తారు. పైగా ఏ నంబర్ ఇంట్లో ఎన్ని రాత్రులు ఎంతమంది ఉన్నారో పెద్ద సైట్లన్నీ నెలనెలా ప్రభుత్వానికి పంపాలి. రెండు సైట్లలో పెట్టి లిమిట్ దాటేద్దామంటే ఆ లెక్కలన్నీ ఒక్కచోట చేరతాయి. సులువుగా నంబర్ వచ్చేసింది కాబట్టి అంతా సరిగ్గా ఉంది అనుకోకు, కింద సంతకం నీది. ఫ్లాట్ మీ ఇద్దరి పేరు మీద ఉంటే మీ ఆయన పేరు కూడా వెయ్యి, స్పెల్లింగ్ దస్తావేజులో ఎలా ఉందో బిల్లులో, ఐడీలో కూడా అలాగే ఉండేలా ఇప్పుడే మార్పించుకో. వచ్చే ప్రతి రూపాయీ టాక్స్‌లో చూపించు.

నాకు అన్నిటికంటే భయం నిప్పంటే. 2023 మార్చిలో కెనడాలోని మాంట్రియల్‌లో ఒక పాత భవనం కాలిపోయి ఏడుగురు చనిపోయారు, అందులో కొన్ని ఇళ్ళు ఇలా గెస్టులకి ఇస్తున్నవే, ఆ తర్వాతే ఆ ఊరున్న క్యూబెక్ రాష్ట్రంలో రూల్స్ బిగించారు. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆ గెస్టులకి ఆ ఇల్లు కొత్త కదమ్మా, చీకట్లో తలుపు ఎటు ఉందో తెలియదు. రిజిస్ట్రేషన్ ఫారంలో ఫైర్ సేఫ్టీ కాలమ్ కనబడగానే ఇదొక తలనొప్పి అనుకోకు, నన్నడిగితే మొత్తం ఫారంలో అక్కరకొచ్చే కాలమ్ అదే. ఒక రాత్రి నువ్వే ఆ ఫ్లాట్‌లో పడుకో, లైట్లన్నీ తీసేసి మంచం మీంచి లేచి గోడ పట్టుకుని మెయిన్ డోర్ దాకా నడిచి చూడు. తలుపు లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలి, కిటికీ గ్రిల్ ఒక్కటైనా తెరుచుకునేలా ఉండాలి. పొగ అలారం బటన్ నొక్కి పడగ్గదిలో వినబడుతోందో లేదో చూసుకో. రూల్ అడిగినా అడక్కపోయినా ఇది చెయ్యి, నా మీద ఒట్టు.

డ్రాఫ్ట్ అంటే భయపడమనే కాదు, నీ మాట చెప్పుకునే టైమ్ కూడా ఇదే. అభిప్రాయాలు పంపడానికి ఆఖరు తేదీ అందులోనే ఉంటుంది. మావయ్య అప్పుడు పంపి ఉంటే రూల్ మారేదో లేదో గానీ, ఆ వాక్యం ముందే కంటపడేది. "ఇది అన్యాయం" అని రాయకు, పనికిరాదు. నీ లెక్కలు రాయి. ఒక్క ఫ్లాట్ ఉన్నవాళ్ళకీ, పాతిక ఫ్లాట్లు నడిపే కంపెనీకీ ఒకే ఫీజు ఎందుకని అడుగు. రూల్ రాకముందు తీసుకున్న బుకింగ్స్ పూర్తి చేయనిస్తారా అని అడుగు. నీ ఇంటి అడ్రస్ అందరూ చూసే జాబితాలో పెడతారా అని అడుగు, ఆడపిల్లవి, అది చిన్న విషయం కాదు. నంబర్ ఆపేస్తే ఎవరికి చెప్పుకోవాలి, ఎన్ని రోజుల్లో తేలుస్తారు అని అడుగు. పక్కింటివాళ్ళ బాధలు కూడా ఒక్కసారి విను. రాత్రిళ్ళు సూట్‌కేసుల చప్పుడు, అద్దె ఇళ్ళు దొరక్కపోవడం, వాళ్ళ ఫిర్యాదులన్నీ కల్పించినవి కావు, ఈ రూల్స్ పుట్టిందే అక్కడ.

కోప్పడుతున్నానని బాధపడకు. నీ ఫోటోలు మీ నాన్న పంపాడు, ఆ బాల్కనీ ఎంత అందంగా పెట్టావే. ఫైనల్ అయ్యేదాకా నెలవారీ అద్దెకైనా ఇచ్చుకో, ఈఎంఐ భారం తగ్గుతుంది, నంబర్ వచ్చాక గెస్టులకి పెట్టుకోవచ్చు. క్యాలెండర్ మాత్రం ఇప్పుడే తెరవకు. డ్రాఫ్ట్ పీడీఎఫ్ మావయ్యకి పంపు, ఇప్పుడాయన ఇలాంటివి పెన్సిల్ పట్టుకుని లైన్ లైనూ చదువుతారు. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చెయ్యి, ముగ్గురం కూర్చుని నీ అభిప్రాయం లెటర్ రాసేద్దాం.

మీ అత్త