కావాలని ఓడిపోయి కింది లీగ్‌లోకి దిగుతున్నారు, కేసు వేయవచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, నేను ఒక మొబైల్ గేమ్‌లో చాలాకాలంగా ర్యాంక్డ్ మ్యాచ్‌లు ఆడుతున్నాను. ప్రతి సీజన్‌కూ పాస్ కొంటాను. ఈ మధ్య ఒక టీమ్ సీజన్ మొదట్లో వరసగా ఓడిపోయి కింది లీగ్‌కు దిగుతోంది. టోర్నమెంట్ మొదలయ్యాక మాలాంటి వాళ్లను చిత్తుగా ఓడించి ప్రైజ్ మనీ పట్టుకుపోతోంది. ఎంట్రీ ఫీజు లేదు, ప్రైజ్ మనీ నిర్వాహకులే ఇస్తారు. గేమ్ కంపెనీకి ఎన్నిసార్లు రాసినా 'మ్యాచ్‌మేకింగ్ (ఎవరితో ఎవరు ఆడాలో కుదిర్చే పద్ధతి) సక్రమంగానే ఉంది' అనే ఒకే జవాబు. విసుగొచ్చి ఆ టీమ్ కెప్టెన్ ఐడీ పెట్టి 'వీడు దొంగ' అని గ్రూపులో రాశాను. ఇప్పుడు అతను పరువు నష్టం కేసు వేస్తానంటున్నాడు. నేను వాళ్ల మీద, కంపెనీ మీద కేసు వేయవచ్చా?

జవాబు: ముందు ఆ పోస్టు తీసేయండి. తీసేసే ముందు కింద వచ్చిన కామెంట్లతో సహా స్క్రీన్‌షాట్ దాచుకోండి. మీ బాధలో న్యాయం ఉంది. కష్టపడి ఆట నేర్చుకుని మెట్టుమెట్టుగా పైకొచ్చే వాళ్లను, కావాలని కిందికి దిగి కొట్టడం పోటీకే ద్రోహం. అయినా ఈ రోజు మీ ముగ్గురిలో, అంటే మీరు, ఆ కెప్టెన్, కంపెనీలో, చట్టం ముందు ఎక్కువ చిక్కులో ఉన్నది మీరే. దాని సంగతి చివర్లో చెబుతాను.

మీరు చెప్పిన పనిని ఆటగాళ్లు శాండ్‌బ్యాగింగ్ అంటారు. ర్యాంకింగ్ పద్ధతులు చాలావరకు గెలుపోటములను చూసే మన బలాన్ని లెక్కగడతాయి. ఎందుకు ఓడామో వాటికి తెలియదు. చదరంగంలో వాడే ఈలో లెక్క ప్రకారం ఇద్దరి మధ్య 400 పాయింట్ల తేడా ఉంటే పైవాడు సగటున 11 ఆటల్లో 10 గెలుస్తాడు. అంటే ఎవరైనా కావాలని 400 పాయింట్లు పోగొట్టుకుని వస్తే, తెరమీద సమానంగా కనిపించే ఆ మ్యాచ్ ఫలితం దాదాపు ముందే తేలిపోయినట్టే. అమెరికా చదరంగ సమాఖ్య ఈ బెడదకే రేటింగ్ ఒక హద్దు దాటి కిందికి పడకుండా అడ్డుకట్ట పెట్టింది.

అలాగని మనకు ఎదురైన ప్రతి ఓటమీ కుట్ర కాదు. సమాన బలం ఉన్నవాడు కూడా వరసగా 5 మ్యాచ్‌లు ఓడే అవకాశం 32లో 1 వంతు. సీజన్ నిండా ఆడేవారికి అది మామూలే. పైగా చాలా గేముల్లో తెరమీద కనిపించే లీగ్ ఒకటి, లోపల మ్యాచ్ కుదిర్చే రేటింగ్ మరొకటి. కాబట్టి 'కింది లీగ్‌లో ఉన్నారు' అన్న ఒక్క మాటతో ఏదీ రుజువు కాదు. చట్టం అడిగేది ఉద్దేశం. ఓడిపోవడం తప్పు కాదు, గెలవగలిగి కూడా లాభం కోసం ఓడిపోవడం తప్పు.

ఆ తప్పుకు శిక్ష ఎవరు వేస్తారో 2012 లండన్ ఒలింపిక్స్ చూపించింది. నాకౌట్‌లో తేలికైన ప్రత్యర్థి దొరకాలని మహిళల బ్యాడ్మింటన్ డబుల్స్‌లో చైనా, ఇండోనేషియా, దక్షిణ కొరియా జోడీలు సర్వీసులు నెట్‌కు కొట్టి మరీ ఓడిపోవాలని చూశాయి. ప్రేక్షకులు అరిచి గోల చేశారు. 8 మంది క్రీడాకారిణులను బహిష్కరించారు. ఆ పని చేసింది ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య, 'గెలవడానికి శాయశక్తులా ఆడాలి' అన్న తన సొంత నియమం కింద. పోలీసులు గానీ కోర్టు గానీ కాదు. మీ విషయంలోనూ మొదట తట్టాల్సిన తలుపు టోర్నమెంట్ నిర్వాహకులదే.

ఆ టీమ్ మీద మీరు నేరుగా కేసు వేయడం కష్టం. మీకూ వాళ్లకూ మధ్య ఒప్పందం లేదు. మీ ఇద్దరికీ విడివిడిగా కంపెనీతో, నిర్వాహకులతో ఒప్పందం ఉంది. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం అనాలంటే, నమ్మించి ఎవరిచేతనైనా డబ్బో ఆస్తో ఇప్పించుకోవడం లాంటిది జరగాలి. ఉత్త ర్యాంక్ కోసం ఆడిన మ్యాచ్‌లో అది కనిపించదు. ప్రైజ్ మనీ ఉన్న చోట కథ మారుతుంది, కానీ అక్కడ కూడా మోసపోయి డబ్బు ఇచ్చింది నిర్వాహకులు. ఫిర్యాదుకు బలం వాళ్ల చేతిలోనే ఎక్కువ. దక్షిణ కొరియా మాత్రం డబ్బు తీసుకుని ఇతరుల ర్యాంకు పెంచిపెట్టే బూస్టింగ్‌ను 2019 నుంచి నేరంగా చూస్తోంది, రెండేళ్ల దాకా జైలు వేయవచ్చు. శాండ్‌బ్యాగింగ్‌ను పేరుపెట్టి నేరమనే సెక్షన్ మన దగ్గర లేదు.

ఇక కంపెనీ. ఉచితంగా ఆడేవారు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద వినియోగదారు అనిపించుకోవడం కష్టం, ఎందుకంటే ఆ చట్టం ప్రతిఫలం చెల్లించారా అని అడుగుతుంది. మీరు సీజన్ పాస్ కొన్నారు, ఆ రసీదులే మీకు ఆధారం. అయితే డబ్బు దేనికి కట్టారో చూడండి. పాస్ పేజీలో స్కిన్లు (ఆటలో పాత్రలకు వేసే వేషాలు), రివార్డులు ఇస్తామని మాత్రమే ఉంటే, అవి ఇచ్చాక లోపం చూపించడం కష్టం. 'మీ స్థాయి వాళ్లతోనే మ్యాచ్' అని ప్రకటన ఇచ్చి, ఫిర్యాదులు అందాక కూడా ఏమీ చేయకపోతే అప్పుడు అనుచిత వ్యాపార పద్ధతి అని వాదించడానికి పట్టు దొరుకుతుంది. ఆ ప్రకటనను తేదీ కనిపించేలా ఇప్పుడే భద్రపరచండి, అలాంటి పేజీలు రాత్రికి రాత్రి మారిపోతుంటాయి.

గేమ్ టర్మ్స్‌లో 'వివాదాలు ఆర్బిట్రేషన్‌లోనే (కోర్టు బయట మధ్యవర్తి ముందే), ఫలానా దేశంలోనే' అని రాసి ఉందని జడుసుకోకండి. ఆర్బిట్రేషన్ షరతు వినియోగదారుల కమిషన్ తలుపు మూసేయదని ఎమ్మార్ ఎంజీఎఫ్ వర్సెస్ ఆఫ్తాబ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. మీరు నివసించే చోటే ఫిర్యాదు చేసుకునే వీలును 2019 చట్టం ఇచ్చింది. గడువు రెండేళ్లు.

కానీ కంపెనీయే మ్యాచ్‌లు తారుమారు చేస్తోందని మాత్రం ఊహ మీద రాయకండి. ఆటలో కష్టాన్ని రహస్యంగా పెంచి తగ్గిస్తున్నారంటూ 2020లో కాలిఫోర్నియాలో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే గేమ్ కంపెనీ మీద దావా పడింది. కంపెనీ సాంకేతిక వివరాలు చూపించి, ఇంజనీర్లతో మాట్లాడించాక దావా వేసినవాళ్లే వెనక్కి తీసుకున్నారు. యాక్టివిజన్ అనే మరో గేమ్ కంపెనీకి 2017లో, కొనుగోళ్లు పెరిగేలా మ్యాచ్‌లు కుదిర్చే పద్ధతి మీద పేటెంట్ వచ్చిన మాట నిజం. ఏ గేములోనూ వాడలేదని ఆ కంపెనీ చెప్పింది. పేటెంట్ ఉండటం వేరు, మీ మ్యాచ్‌లో దాన్ని వాడారని నిరూపించడం వేరు.

మీరు పంపిన స్క్రీన్‌షాట్లు చూశాను. చాలావాటిలో ఉన్నది మీ ఓటమి స్కోరు, అది పనికిరాదు. ఒకటి మాత్రం గట్టిది: ఆ టీమ్ ఐదుగురూ సీజన్ మొదటి వారంలో వరసగా సరెండర్ (ఓటమి ఒప్పుకునే బటన్) నొక్కినట్టు చూపే బ్యాటిల్ లాగ్, అంటే ఆడిన మ్యాచ్‌ల రికార్డు. మ్యాచ్ మొదలై నిమిషం కూడా గడవలేదు, స్కోరింకా సమానంగానే ఉంది, ఐదుగురూ ఒకేసారి చేతులెత్తేశారు. నెట్ పోయిందనుకుంటే ఒక్కరికి పోతుంది, ఐదుగురికీ రోజూ అదే వేళకు పోదు. అదే ఐదుగురు టోర్నమెంట్ రోజు ఒక్కసారీ సరెండర్ చేయలేదన్న లాగ్ దాని పక్కన పెట్టండి. మ్యాచ్ ఐడీలు, తేదీ, సమయం వేయండి. సాధ్యమైతే స్క్రీన్ రికార్డింగ్ చేస్తూ గేములోంచే ఆ పేజీలు తెరిచి చూపించండి, ఎడిట్ చేశారన్న మాట రాదు.

ఇవన్నీ పెట్టి నిర్వాహకులకు రూల్‌బుక్‌లోని నియమం నంబరుతో రాయండి. అభ్యంతరాలకు గడువు ఉంటుంది, అది దాటితే ఎంత మంచి ఆధారమైనా చూడరు. ప్రైజ్ మనీ ఇంకా చెల్లించకపోతే విచారణ అయ్యేదాకా ఆపమని స్పష్టంగా కోరండి. కంపెనీకి రాసేటప్పుడు సపోర్ట్ చాట్‌ను వదిలేసి ఫిర్యాదుల అధికారికి మెయిల్ చేయండి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అవతలి ఆటగాళ్ల వివరాలు మీకిమ్మని అడగకండి, ఇవ్వరు. 'ఈ మ్యాచ్ ఐడీలను మీ సర్వర్ రికార్డులతో పోల్చి చూడండి, వాటిని చెరిపేయకండి' అని అడగండి. రేపు కమిషన్ ముందుకెళ్తే ఆ రికార్డులే కీలకం. కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. అయితే వచ్చే పరిహారం పాస్ ఖరీదు చుట్టూనే ఉండొచ్చు, ఆ లెక్క ముందే వేసుకోండి.

ఇప్పుడు మీ పోస్టు సంగతి. పరువు నష్టం న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద నేరం, రెండేళ్ల దాకా శిక్ష ఉంది. ఐడీయే కదా, అసలు పేరు రాయలేదు కదా అంటే చాలదు. ఆ ఐడీ ఎవరిదో గ్రూపులో నలుగురికి తెలిస్తే అతన్ని అన్నట్టే. నిజాన్ని ప్రజా ప్రయోజనం కోసం చెబితే మినహాయింపు ఉంది గానీ, 'దొంగ' అన్న మాటను నిజమని రుజువు చేసే భారం మీ నెత్తిన పడుతుంది. అదే సంగతిని చర్య తీసుకునే అధికారం ఉన్నవారికి సద్భావంతో ఫిర్యాదుగా రాస్తే చట్టం కాపాడుతుంది. 'మీరు మోసగాళ్లు' అనడానికి బదులు 'ఈ మ్యాచ్‌ల తీరు అనుమానం కలిగిస్తోంది, విచారించండి' అని రాయండి. అతను లాయర్ నోటీసు పంపితే చాట్‌లో మాటకు మాట అనకండి. పోస్టు తీసేసిన తేదీ, నిర్వాహకులకు పంపిన ఫిర్యాదు కాపీ, ఆ సరెండర్ల లాగ్ తీసుకుని దగ్గర్లోని న్యాయవాదిని కలిసి, నోటీసులో ఇచ్చిన గడువులోపు లిఖితపూర్వకంగా జవాబు పంపించండి.