ఒకే కైట్ సముద్రానికీ మంచుకూ సరిపోతుందా?

ప్రశ్న: నా బరువు 70 కిలోలు. రుషికొండలో కైటింగ్ (పెద్ద కైట్ లాగుతుంటే బోర్డు మీద నీళ్లపై జారడం) నేర్చుకుని, చలికాలం గుల్మార్గ్‌లో మంచు మీద కూడా చేయాలని ఉంది. రెండిటికీ ఒక్క కైట్ చాలా? ఏ సైజు?
– ఓ పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: ఒక్కటే కొనేట్టయితే ట్యూబ్ కైటే కొనండి. ముందు అంచున గాలి కొట్టిన గొట్టం ఉంటుంది కాబట్టి నీళ్లలో పడ్డా తేలుతుంది, చేత్తో పట్టుకునే బార్‌కున్న ఒక పక్క తాడు లాగితే దొర్లి మళ్లీ లేస్తుంది. ఫాయిల్ కైట్‌కి గొట్టం ఉండదు. ఎదురుగాలి గుడ్డలో కుట్టిన గదుల్లోకి దూరి దాన్ని ఉబ్బిస్తుంది. గదుల నోళ్లు తెరిచి ఉండే రకం మంచుకు హాయి, పంపు మోయక్కర్లేదు. కానీ సముద్రంలో పడిందా, తడిసిన బొంతే. వాల్వులున్న రకం నీళ్లకూ పనికొస్తుంది గానీ, రుషికొండ ఒడ్డు కెరటంలో రెండు పొర్లు పొర్లితే కైట్‌ను పట్టి ఉంచే సన్నటి బ్రైడిల్ తాళ్లన్నీ చిక్కుపడిపోతాయి. కొత్తవాళ్లకి వద్దు.

సైజుకి మోటు లెక్క ఒకటుంది. బరువును 2.2తో హెచ్చవేసి, గాలి వేగం ఎన్ని నాట్లో దానితో భాగించండి. 15 నాట్లకు, అంటే గంటకు 28 కిలోమీటర్ల గాలికి, మీకు 10 చదరపు మీటర్ల కైట్. 22 నాట్లకు 7.

మంచు మీద స్కీలు ఇట్టే జారతాయి కాబట్టి అదే 15 నాట్లకు 7 చాలు, అంటే సముద్రంలో 22 నాట్లకు సరిపడేదే. చల్లగాలి బరువెక్కువ, ఇంకా చిన్నది వాడమంటారు కొందరు. గుల్మార్గ్‌కి ఆ మాట చెల్లదు. అది సుమారు 2,650 మీటర్ల ఎత్తు. చలిని లెక్కలోకి తీసుకున్నా అక్కడి గాలి మన ఒడ్డు గాలి కన్నా దాదాపు ఆరో వంతు తేలిక.

ఇంకో సంగతి. వెచ్చటి ఇంట్లో గొట్టానికి 7 పీఎస్‌ఐ ఒత్తిడి దాకా గాలి కొట్టి మైనస్ 5 డిగ్రీల్లోకి తెస్తే 5 దగ్గరికి దిగిపోతుంది, గొట్టం నడుమ మడత పడుతుంది. బయటే కొట్టండి, కాసేపాగి మళ్లీ చూడండి. మన ఇసుక మీద దీనికి తిరగబడుతుంది: నిండా కొట్టి మిట్టమధ్యాహ్నం ఎండలో వదిలేస్తే గొట్టం లోపల గాలిని పట్టి ఉంచే సంచి, అంటే బ్లాడర్, పగలొచ్చు.

ప్రశ్న: వాడిన కైట్ చవగ్గా వస్తోంది. ఏం చూడాలి?
– ఓ పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: గాలి కొట్టి రాత్రంతా ఉంచమనండి. తెల్లారేసరికి మెత్తబడితే బ్లాడర్‌కో, వాల్వు అతుకుకో చిల్లు ఉన్నట్టే. గుడ్డను వెలుగుకు పట్టి చూడండి, సూదిబెజ్జాలు కనిపిస్తాయి. వేళ్ల మధ్య నలిపినప్పుడు గరగరలాడకుండా మెత్తటి చీరలా ఉంటే ఎండకు అరిగిపోయిందని అర్థం. బ్రైడిల్ కప్పీలు ఉప్పుతో బిగుసుకున్నాయేమో తిప్పి చూడండి. ప్రమాదంలో కైట్ లాగుడు నుంచి తప్పించే, బార్ మీది ఎమర్జెన్సీ రిలీజ్ ఒక్క తోపుతో విడిపోకపోతే బేరం అక్కడే ఆపేయండి.

ప్రశ్న: ఉదయం గాలి నిలకడగా ఉంది, దిగొచ్చా?
– ఓ పాఠకుడు, భీమిలి

జవాబు: నేల మీంచి సముద్రంలోకి వీస్తుంటే దిగకండి, పడవ తోడు లేకుండా వెనక్కి రాలేరు. మన తీరానికి పడమర, వాయవ్య గాలులు అలాంటివే, పైగా కొండలు దాటొచ్చేసరికి విసురుగా తగులుతాయి. మధ్యాహ్నం సముద్రపు గాలి ఏటవాలుగా ఒడ్డుకు తగిలేదాకా ఆగండి. తాళ్లే 20 నుంచి 24 మీటర్లుంటాయి, గాలి పోయే వైపు కనీసం 50 మీటర్లు మనుషులు, పడవలు, కరెంటు తీగలు లేకుండా చూసుకోండి.