బీడులో దుప్పులు పడుకునే చోటు

నాయనా, ఆశీస్సులు.

లంకమల కొండ కింద ఉన్న మీ ఐదెకరాల బీడులో దుప్పులు పగటిపూట పడుకునేలా చేయాలని రాశావు. మంచి ఆలోచన. కానీ మొక్కల కోసం నర్సరీకి పోవద్దు. ఏళ్ల తరబడి మేసిన నేల అది, ముందు దానికి తెరిపి కావాలి.

నెమరు వేసుకుంటూ పడుకునే దుప్పికి పైన నీడ, వెనక పొద, ముందు చూపు ఉండాలి. లేచి ఉరకడానికి రెండు మూడు దార్లూ ఉండాలి. బీడంతా ఒత్తుగా చెట్లు నాటితే చిరుత ఎక్కడ పొంచిందో తెలియక గుంపు అటు రాదు.

కొండవైపు ఎకరన్నర విడిచిపెట్టు. పక్కవాళ్ల వేరుశనగ చేని వైపు మాత్రం వద్దు. అక్కడ పడుకున్న గుంపు పొద్దు గూకగానే చేన్లో దిగుతుంది. తిట్లు నీకు, ఉచ్చులు వాటికి.

ఆ ఎకరన్నరలోకి రెండు వానాకాలాలు మేకలు, గొర్రెలు రాకూడదు. చిగురు కొరికేస్తుంటే రేగు మొక్క మోకాలెత్తు దాటదు. మూడో ఏడు నుంచి గడ్డి విత్తనం రాలాక, డిసెంబరు చివర్లో, సగంలో ఆవుల్ని తోలుకో. తక్కిన సగం ఎండుగడ్డి అలాగే నిలబడనీ. మరుసటి ఏడు ఆ రెండు సగాలనూ అటుదిటు మార్చు. దుప్పులు ఏడాది పొడుగునా ఈనుతాయి. తల్లి పిల్లను గడ్డిలో దాచి మేతకు పోతుంది కాబట్టి రెండడుగుల గడ్డయినా లేకపోతే అది ఊరకుక్కల పాలవుతుంది. ఒంటరిగా పడుకున్న పిల్ల కనిపిస్తే ముట్టుకోకుండా వెనక్కి రా, తల్లి దగ్గర్లోనే ఉంటుంది. గాలికుంటు టీకా వేయని పశువును అటు తోలొద్దు, ఆ జబ్బు దుప్పులకూ అంటుతుంది.

పొదలకు రేగు, కలివి, తంగేడు చాలు. రేగు గింజలు మేకల దొడ్డిలోనే ఏరుకోవచ్చు, పండ్లు తిన్న మేకలు నెమరు వేసేటప్పుడు ఉమ్మేస్తాయి. లోపలి పప్పు నలగకుండా పెంకు చిట్లగొట్టి, ఒక రోజు నానబెట్టి, జూన్, జులైలో నేల బాగా తడిశాక అంగుళం లోతున గుంటకు మూడేసి వెయ్యి. ఒక్కో పొద పదిహేను, ఇరవై అడుగుల వెడల్పు ఉండాలి. పొదకూ పొదకూ మధ్య ముప్పై, నలభై అడుగులు ఖాళీ. సాళ్లు పట్టొద్దు. మొలకల మీద కంప కప్పు.

ఈ ఖాళీ మన దగ్గర మరీ ముఖ్యం. అంతరించిపోయిందనుకున్నాక 1986లో మళ్లీ కనబడిన అరుదైన పిట్ట కలివికోడి ఇలాంటి పలుచని పొదల మధ్య నేల మీదే తిరుగుతుంది. జేసీబీ పెట్టి చదును చేయించడం, కందకాలు తవ్వించడం చేయకు.

సర్కారు తుమ్మ ఉంటే ఒక్కసారే కొట్టేయకు. ఉన్న నీడ అదే కావచ్చు. కొత్త పొదలు ఎదిగేకొద్దీ ఏడాదికి మూడో వంతు తియ్యి. నేలకు సమంగా నరికితే మోటు నుంచి పది కొమ్మలు లేస్తాయి, అడుగు లోతు తవ్వి వేరుతో పెకలించాలి.

ఊరివైపు కంప వెయ్యి, కొండవైపు తెరిచి ఉంచు. తీగ తప్పదంటే ముళ్లు లేనిది తెచ్చి, అడుగు తీగ నేలకు అడుగున్నర ఎత్తున, పై తీగ మూడున్నర అడుగులు మించకుండా కట్టు. బీడులో గట్టు లేని పాత బావి ఉంటే అన్నిటికన్నా ముందు దాని చుట్టూ నాలుగడుగుల గోడ కట్టించు. రాత్రి బెదిరిన గుంపు అందులో పడుతుంది. నీళ్ల తొట్టి, ఉప్పుగడ్డ పడక దగ్గర పెట్టొద్దు. వాటి కోసం కుక్కలొస్తాయి, వేటగాళ్లూ కాపు కాస్తారు.

జనవరిలోనే చుట్టూ పదడుగుల మేర గడ్డి చెక్కించు. ఒక్క బీడీ ముక్కతో రెండేళ్ల గడ్డి పోతుంది.

నెలకొకసారి, గాలికి ఎదురుగా నడుస్తూ పోయి చూడు. గడ్డి కోలగా అణిగి, పక్కన పెంటికలు, వెంట్రుకలు ఉంటే పడుకున్నట్టే. మూడో ఏడు దాటినా ఏమీ లేకపోతే మళ్లీ మొక్కలు పెట్టకు, కుక్కల అడుగులు, మనుషుల కాలిబాట ఎటు పడ్డాయో వెతికి ఆ దారి కంపతో మూసెయ్యి.

నీ పెదనాయన