లీజు డబ్బుతో ఇల్లు పూర్తి చేద్దామా?

ప్రశ్న: మాది మదనపల్లె, పద్నాలుగేళ్లుగా బెంగళూరులోనే ఉంటున్నాం. హొరమావు దగ్గర మా 30 బై 40 సైట్‌లో ఇల్లు మొదలుపెట్టి పదిహేడు నెలలైంది, కాంట్రాక్టర్ పదకొండు నెలల్లో తాళాలు చేతిలో పెడతానన్నాడు. కింద పార్కింగ్, ఒక 1బీహెచ్‌కే, పైన రెండు ఫ్లోర్లు మాకు డూప్లెక్స్. మొత్తం 2,400 చదరపు అడుగులు, అడుగుకి 1,950 చొప్పున 46.8 లక్షలకి అగ్రిమెంటు. ఆయనకి ఇప్పటికి 36 లక్షలిచ్చాం, బోరు, సంపు, ప్లాన్, టెంపరరీ కరెంటు అన్నిటికీ ఇంకో 8 లక్షలైంది. స్లాబులన్నీ పడ్డాయి, పై ఫ్లోర్ గోడలు సగంలో ఉన్నాయి, ప్లాస్టరింగ్ మొదలే కాలేదు. బ్యాంకు 40 లక్షల లోన్‌లో 30 రిలీజ్ చేసింది. కాంట్రాక్టర్ ఇంకా 18 లక్షలు కావాలంటున్నాడు, ఇంటీరియర్స్ కొటేషన్ 9 లక్షలు, బ్యాంకు ఇవ్వాల్సిన 10 పోను 17 లక్షలు తక్కువ పడుతోంది. మా ఇద్దరి జీతం కలిపి చేతికి 1.7 లక్షలు. కింద ఇల్లు మూడేళ్లకి 9 లక్షల లీజుకి ఒకరు అడుగుతున్నారు, డబ్బు ఇప్పుడే ఇస్తారట. మిగతాదానికి పర్సనల్ లోన్ తీసుకోవాలా, నా నగలు పెట్టాలా? శ్రావణంలో గృహప్రవేశం అయిపోవాలని మామగారి పట్టుదల.

జవాబు: అమ్మా, మీరు 17 లక్షలు ఎక్కడినుంచి తేవాలి అని అడిగారు, నేను మాత్రం ఆ 17 లక్షలు ఇప్పుడే ఎందుకు అని అడుగుతున్నా, తిట్టుకోకండి, కారణం చెప్తా.

ముందు లీజు సంగతి, ఎందుకంటే మీ లెటర్‌లో అదొక్కటే ఊరికే వచ్చే డబ్బులాగా కనిపిస్తోంది. మన ఊళ్లలో ఇది పెద్దగా ఉండదు గానీ బెంగళూరులో అందరికీ తెలిసిందే, లక్షల్లో ఒకేసారి ఇస్తారు, నెలనెలా అద్దె ఉండదు, మూడేళ్లయ్యాక మొత్తం తిరిగిచ్చేయాలి, కన్నడలో భోగ్యం అంటారు. మీ ఏరియాలో ఆ 1బీహెచ్‌కేకి నెలకి ఒక 12 వేలు అద్దె వస్తుందనుకుందాం. ఏడాదికి 1,44,000. అది వదులుకుని 9 లక్షలు తీసుకుంటున్నారు అంటే 9 లక్షల మీద ఏడాదికి 1,44,000 వడ్డీ కడుతున్నట్టే, అంటే 16 శాతం! మీరు భయపడుతున్న పర్సనల్ లోన్ 14 శాతమే కదమ్మా. పైగా పర్సనల్ లోన్‌లో అసలు నెలనెలా కొంచెం కొంచెం తీరుతుంది, ఇక్కడ మూడేళ్లు తిరిగేసరికి 9 లక్షలూ అలాగే నిలబడి ఉంటుంది. అప్పుడేం చేస్తారు, ఇంకొకర్ని లీజుకి పెట్టి వీళ్లకిస్తారు, ఆ తర్వాత వాళ్లకోసం ఇంకొకరు... పదేళ్లుగా ఇలా తిప్పుతున్న ఇళ్లు నాకు తెలిసినవే నాలుగైదు ఉన్నాయి, సొంతిల్లు ఉండి కూడా కింద ఇంటి అద్దె ఒక్క నెల చూడలేదు పాపం. ఇంకోటి, ఆ ఇల్లు బ్యాంకులో తాకట్టులో ఉంది. లోన్ అగ్రిమెంటు తీసి చదవండి, మా అనుమతి లేకుండా లీజుకివ్వకూడదు అని చాలా బ్యాంకులు రాస్తాయి. కాబట్టి లీజు వద్దు.

ఇప్పుడు నెల ఖర్చు చూద్దాం. అద్దె 26 వేలు కడుతున్నామని రాశారు. రిలీజైన 30 లక్షల మీద 8.5 శాతం లెక్కన ప్రీ ఈఎంఐ, అంటే లోన్ పూర్తిగా రిలీజయ్యేదాకా నెలనెలా కట్టే వడ్డీ, 21,250. రెండూ కలిపి 47,250, అందులో అసలుకి ఒక్క రూపాయి పోవట్లేదు. వడ్డీ ఇల్లు పూర్తయినా కట్టాల్సిందే కాబట్టి దాన్ని నేను నష్టం కింద రాయను, కానీ అద్దె మాత్రం అచ్చంగా నష్టమే, ఆలస్యమైన ఈ ఆరు నెలలకే 1,56,000 పోయింది. అందుకే నాకు ఇల్లు మొత్తం ఎప్పుడు పూర్తవుతుందనే దానికంటే మీరు అందులోకి ఎప్పుడు చేరతారన్నదే ముఖ్యం, ఈ రెండూ ఒకటే అనుకుంటున్నారు కాబట్టే 17 లక్షలు అప్పు అవసరమనిపిస్తోంది.

డూప్లెక్స్‌లో కింది భాగంలో హాలు, వంటిల్లు, ఒక బెడ్‌రూమ్, బాత్‌రూమ్ ఉన్నాయన్నారు కదా, అది చాలు. నలుగురికి ఇరుకే, కాదనను, ఇప్పుడున్న రెండు బెడ్‌రూముల అద్దింటికంటే ఒక గది తక్కువ. ఆ ఫ్లోరూ, కింద 1బీహెచ్‌కే, ఈ రెండే పూర్తిగా ఫినిష్ చేయించండి. పై ఫ్లోర్‌లో మిగిలిన గోడలు లేపించి, కిటికీలు గ్రిల్స్‌తో సహా బిగించి, టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ చేయించి, ఇంటి మొత్తానికీ బయటి ప్లాస్టరింగ్ చేయించి అక్కడితో ఆపేయండి. బయటి ప్లాస్టరింగ్‌లో మాత్రం పిసినారితనం వద్దు, బ్లాకు గోడలు ఒక వానాకాలం తడిస్తే తర్వాత లోపలి పెయింట్ ఊడుతూనే ఉంటుంది. ఎండాకాలం దాకా కూడా లాగకండి, ప్లాస్టరింగ్‌కి వారం రోజులు నీళ్లు కొట్టాలి, 2024 మార్చిలో నీళ్లు లేక కన్‌స్ట్రక్షన్‌కి తాగునీళ్లు వాడితే 5,000 ఫైన్ అని వాటర్ బోర్డు ఆర్డరేసిన ఊరు ఇది. పై గదుల్లో టైల్స్, వార్డ్‌రోబ్స్, ఫాల్స్ సీలింగ్, 9 లక్షల ఇంటీరియర్స్‌లో వంటింటి అరలు తప్ప అన్నీ తర్వాత. మీరు పంపిన కొటేషన్లు పెట్టుకుని నేను వేసిన లెక్కలో ఇదంతా 12 లక్షల్లో అవుతుంది, 10 బ్యాంకుది, మిగతా 2 మీ దగ్గర్నుంచి.

అలా చేరిపోతే ఏమవుతుందో చూడండి. 40 లక్షలు పూర్తిగా రిలీజయ్యాక ఇరవై ఏళ్లకి ఫుల్ ఈఎంఐ దాదాపు 34,700. ఇప్పుడు అద్దె, వడ్డీ కలిపి పోతున్న 47,250 కంటే తక్కువే, పైగా కింద ఇంటి అద్దె 12 వేలు వస్తుంది, అంటే నెలకి 24,500 దాకా వెసులుబాటు, అందులోనూ అసలు తీరుతూ ఉంటుంది. ఆ డబ్బుకి మీరు ఇప్పుడు మిగులుస్తున్న 20 వేలు కలిపితే ఒక ఏడాదిన్నరలో పై ఫ్లోర్ అప్పు లేకుండా చేసుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త. బ్యాంకులు లోన్‌లో చివరి ముక్క, ఇల్లు పూర్తయిందని వాల్యుయర్, అంటే వాళ్ల తరఫున ఇంటి విలువ కట్టే మనిషి, రాసిస్తేనే వదులుతాయి, పై ఫ్లోర్ అలా వదిలేస్తే ఆ 10 లో ఎంత ఆపుతారో ముందే బ్రాంచికి వెళ్లి అడగండి, పని మొదలెట్టాక కాదు. ఆపేది రెండు మూడు లక్షలైతే దానికి పీఎఫ్ ఉంది. పీఎఫ్ ముట్టుకోవద్దు అని మామూలుగా నేనే అందరికీ చెప్తుంటా, కానీ 8.25 శాతం వచ్చే డబ్బు అక్కడుంచి 14 శాతానికి అప్పు తేవడంలో అర్థం లేదు కదా, మీ ఆయన పీఎఫ్‌లో 11 లక్షలున్నాయన్నారు, అందులో రెండు మూడు తీస్తే కొంప మునగదు. అప్పటికీ చాలకపోతే మీ లిస్టులో లేని దారి ఇంకోటుంది, ఇంజనీర్‌తో కొత్త ఎస్టిమేట్ వేయించి అదే హోమ్ లోన్ ఇంకో 5 లక్షలు పెంచమని అడగండి. 30 నుంచి 75 లక్షల మధ్య లోన్‌కి ఇంటి విలువలో 80 శాతం దాకా ఇవ్వచ్చని ఆర్‌బీఐ రూలు, మీకు చోటుంది. ఆ 5 లక్షలకి పెరిగే ఈఎంఐ 4,340 దాకా, అదే 5 లక్షలు పర్సనల్ లోన్‌గా ఐదేళ్లకి తెస్తే నెలకి 11,600 పైనే. నగల జోలికి వెళ్లొద్దు. సెంటిమెంటు అని కాదు, ఇద్దరి జీతాల మీదే నడిచే ఇల్లు, బ్యాంకులో చేతికందే డబ్బు పెద్దగా లేదు, రేపు ఒకరి ఉద్యోగం పోతే గంటలో డబ్బయ్యేది మీ ఇంట్లో అవొక్కటే.

ఇక కాంట్రాక్టర్. 46.8 లో 36 ఇచ్చారంటే 77 శాతం ఇచ్చేశారు. స్లాబులు పడి గోడలు లేచేసరికి నా అనుభవంలో అయ్యే పని సగం పైన, మహా అయితే 60 శాతం, ఇంటిపనిలో డబ్బు తాగేదంతా ఆ తర్వాతే ఉంటుంది, ప్లాస్టరింగ్, వైరింగ్, ప్లంబింగ్, టైల్స్, తలుపులు. 60 శాతం అంటే 28 లక్షలు. మిగతా 8 లక్షలు ఎక్కడున్నాయి? చాలాసార్లు ఇంకో సైట్ పునాదిలో ఉంటాయి. మీ డబ్బుతో ఆ ఇల్లు, ఇంకెవరి డబ్బుతోనో మీ ఇల్లు. ఆయన చెడ్డవాడని కాదు, ఈ లైన్లో చాలామంది బండి ఇలాగే నడుస్తుంది, అందుకే గొడవ పెట్టుకుని తరిమేయమని చెప్పను, సగం కట్టిన ఇంట్లోకి కొత్త కాంట్రాక్టర్ వస్తే పాతవాడు చేసిందంతా తప్పే అంటాడు, రేటు ఇంకా పెంచుతాడు. ఇకమీదట డబ్బు ఆయన చేతికి ముందుగా ఇవ్వకండి, అంతే. సిమెంటు, టైల్స్, వైర్లు, పైపులు షాపుకి మీరే కట్టండి, లేబర్‌కి శనివారం శనివారం అయిన పని చూసి ఇవ్వండి, ఇదంతా ఒక స్టాంపు పేపర్ మీద రాయించి ఇద్దరూ సంతకాలు పెట్టండి. చివర్లో ఒక రెండు లక్షలు ఒక వానాకాలం దాటేదాకా ఆపుకుంటామని కూడా అందులోనే రాయండి.

ఆయన అడిగే 18 లో అగ్రిమెంటు ప్రకారం రావాల్సింది 10.8, మిగతా 7.2 ఎక్స్‌ట్రా వర్క్ అంటున్నాడు. దాన్ని ఊరికే ఒప్పుకోకండి. బయటి ఇంజనీర్ ఒకర్ని పిలిచి, కొన్ని వేలు తీసుకుంటాడు, టేపు పట్టి కొలిపించండి. 2,400 అడుగుల్లో పార్కింగ్ ఫుల్ రేటుకి వేశాడా సగం రేటుకా, మెట్ల పైన హెడ్‌రూమ్, బాల్కనీలు ఎలా లెక్కేశాడు, అగ్రిమెంటులో ఏం రాసుంది, తేడాలు సాధారణంగా అక్కడే దొరుకుతాయి. పునాదికి నేల మెత్తగా ఉండి స్టీలు ఎక్కువైందన్నది నిజమైతే ఆ బిల్లులు చూపించమనండి, నిజం కావచ్చు కూడా, ఆ పక్క చెరువు ఆయకట్టు నేలలున్నాయి. సిమెంటు రేట్లు పెరిగాయి అని రాశాడు చూశారా, 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, మీ అగ్రిమెంటు దానికి ముందుదే కదా, ఆ తగ్గింది ఏ లైన్లో ఉందని నెమ్మదిగా అడగండి.

టెర్రస్ మీద ఇంకో రూమ్ వేసుకోండి అందరూ వేస్తున్నారు అని ఆయన సలహా ఇచ్చాడట. ప్లాన్‌లో లేని రూముకి బ్యాంకు వాల్యుయర్ విలువ కట్టడు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ప్లాన్ ప్రకారమే కట్టారు, ఉండచ్చు అని కార్పొరేషన్ ఇచ్చే కాగితం, చూశాకే బిల్డింగుల మీద లోన్లు ఇవ్వాలని 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా, రేపు ఇదే ఇంటి మీద ఇంకొంత లోన్‌కో (టాప్ అప్ అంటారు) అమ్మకానికో ఆ రూమే అడ్డం పడుతుంది. ఆ ఆలోచన అక్కడే వదిలేయండి.

ట్యాక్స్ గురించి చివర్లో ఒక ముక్క అడిగారు. సొంతానికి ఉండే భాగానికి హోమ్ లోన్ వడ్డీ మినహాయింపు ఇన్‌కం ట్యాక్స్ పాత రెజీమ్‌లోనే, 2 లక్షల దాకా, కొత్త రెజీమ్‌లో లేదు. లోన్ తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిసిన ఐదేళ్లలోపు ఇల్లు పూర్తి కాకపోతే ఆ 2 లక్షలు 30 వేలకి పడిపోతుంది, మీకింకా టైముంది. కడుతున్న ప్రీ ఈఎంఐ వడ్డీ కూడా పోదు, పూర్తయ్యాక ఐదు సమాన భాగాలుగా చూపించుకోవచ్చు, అదీ ఆ పరిమితిలోపే. మీ ఆయనకి 40 లక్షల లోన్‌కి సరిపడా టర్మ్ పాలసీ (మనిషికి ఏమైనా అయితేనే ఇంట్లోవాళ్లకి డబ్బిచ్చే లైఫ్ ఇన్సూరెన్స్) లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి, మీ పేరునా ఒకటి. బ్యాంకువాళ్లు లోన్‌లోనే కలిపేసి అమ్మే సింగిల్ ప్రీమియం పాలసీ కాదు, విడిగా.

ఇక మామగారి శ్రావణం. 2009లో రామ్మూర్తి నగర్‌లో మేం కట్టుకున్నప్పుడు నేనూ ఇదే చేశా, ముహూర్తం ముందు పెట్టేసి, కార్డులు అచ్చేయించి, ఒక కార్డు మా కాంట్రాక్టర్‌కి కూడా పసుపు రాసి మరీ ఇచ్చా. ఆ రోజునుంచి బేరం ఆయన చేతిలోకి పోయింది, ఏమడిగినా ఇవ్వాల్సిందే, చుట్టాలు టికెట్లు బుక్ చేసుకున్నారు మరి. వంటింట్లో గ్రానైట్ పడలేదు, రెండు బ్లాకులు పేర్చి దానిమీద స్టవ్ పెట్టి పాలు పొంగించాం, తెల్లవారుజామున నాలుగింటిదాకా పెయింటర్ పనిచేస్తూనే ఉన్నాడు, మా పెద్దమ్మ గోడకి ఆనుకుంటే కంచి పట్టుచీర అంచంతా తెల్లగా అయిపోయింది. ఆ ఆఖరి ఇరవై రోజుల్లో తెచ్చిన చేబదులు తీర్చడానికి నాకు రెండేళ్లు పట్టింది, ఇంట్లో ఒక ఫైనాన్స్ మనిషి ఉండి కూడా!

మామగారికి ఇలా చెప్పి చూడండి, శ్రావణంలో పాలు పొంగిద్దాం గానీ మొదటి ఫ్లోర్ వంటింట్లో, ఇంట్లోవాళ్లం, పురోహితుడు, అంతే, కార్డులు వద్దు, కాంట్రాక్టర్‌కి డేటు చెప్పొద్దు. ఊరందరికీ భోజనాలు పై ఫ్లోర్ అయ్యాక పెట్టుకుందాం అనండి. ఒప్పుకుంటారు, పెద్దాయనకి కావాల్సింది ముహూర్తం తప్పకపోవడమే.

ఇంకోటి, మీరు చేరే ముందు పై ఫ్లోర్ మెట్ల మొదట్లో ఒక ప్లైవుడ్ తలుపు పెట్టించండి, పైన రెయిలింగ్ ఉండదు, పిల్లలు చిన్నవాళ్లు, గడి వాళ్లకి అందనంత ఎత్తులో బిగించమనండి.