బీపీ రికార్డులోకి ఎక్కకముందే పాలసీ తీసుకోమంటున్నారు, తీసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 36. హన్మకొండలో ప్రైవేటు ఉద్యోగం, జీతం చేతికి 62 వేలు వస్తుంది. భార్య, ఇద్దరు పిల్లలు. మా తాతకు, నాన్నకు ఇద్దరికీ బీపీ. నాన్నకు 54 ఏళ్లప్పుడు పక్షవాతం వస్తే ఆసుపత్రి ఖర్చులకు అరెకరం అమ్మాం. అన్నయ్యకు 41. బీపీ మాత్రలకు నెలకు 400 దాకా అవుతుంది, అవి కూడా వేసుకుంటూ మానేస్తూ ఉంటాడు. మొన్న ఆఫీసులో పెట్టిన హెల్త్ క్యాంపులో నాకు 148/96 వచ్చింది. డాక్టరుకు చూపించుకోమన్నారు. తెలిసిన ఏజెంటు మాత్రం ‘డాక్టరు దగ్గరికి వెళ్తే రికార్డులోకి ఎక్కుతుంది, ముందు పాలసీ తీసేసుకోండి’ అంటున్నాడు. కుటుంబానికి 10 లక్షల ఆరోగ్య పాలసీకి ఏడాదికి 18 వేలు, బీపీ ఉందని చెబితే ఇంకో 20 శాతం ఎక్కువట. ఆఫీసు పాలసీ 3 లక్షలకు ఉంది. 3 లక్షల చీటీ ఒకటి వచ్చే ఏడాది పూర్తవుతుంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. పాలసీ ఓ నెల ఆలస్యమైతే కొంప మునగదు.

ఏజెంటు చెప్పిన లెక్కే వేసి చూద్దాం. 18 వేల మీద 20 శాతం అంటే 3,600. నెలకు 300 రూపాయలు. ఆ 300 మిగులుతుందని 10 లక్షల క్లెయిమును పణంగా పెట్టమంటున్నాడు. రేపు క్లెయిము తిరస్కరిస్తే ఆసుపత్రి బిల్లు కట్టేది అతను కాదు.

తాతకు, నాన్నకు బీపీ ఉన్నంత మాత్రాన మీకు ‘ముందే ఉన్న జబ్బు’ ఉన్నట్టు కాదు. కుటుంబంలో ఉందని రాస్తే పాలసీ ఇవ్వరేమో అని చాలామంది భయపడతారు, అది అనవసరం. క్యాంపులో ఒక్కసారి ఎక్కువ వచ్చినంత మాత్రాన కూడా బీపీ ఖాయం అయిపోదు. క్యూలో నిలబడి, టీ తాగి వచ్చి చేయి చాపితే ఎవరికైనా పెరుగుతుంది. అయితే పాలసీ దరఖాస్తులో అడిగేది ‘మీకు బీపీ ఉందా’ అని మాత్రమే కాదు. ఏదైనా పరీక్షలో తేడా వచ్చిందా, డాక్టరును కలవమని ఎవరైనా సలహా ఇచ్చారా అని కూడా ఉంటుంది. మీకు ఇచ్చారు. అక్కడ ‘లేదు’ అని టిక్కు పెడితే, డాక్టరు దగ్గరికి వెళ్లకపోయినా అది దాచడమే. పైగా ఈ రోజుల్లో ఏజెంటే ఫోనులో గబగబా అన్నిటికీ ‘లేదు’ కొట్టేసి, మిమ్మల్ని ఓటీపీ చెప్పమంటాడు. ఓటీపీ చెప్పారంటే సంతకం పెట్టినట్టే.

క్లెయిములు ఎక్కడ దెబ్బతింటాయో చెబుతాను. నా దగ్గరికి తిరస్కరణ లేఖలు పట్టుకుని వచ్చేవాళ్ల కాగితాల్లో నేను ముందు వెతికేది ఆసుపత్రిలో చేర్చుకున్న రోజు రాసిన కేస్‌షీటు. రాత్రి ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టరు అడుగుతాడు, ‘బీపీ ఎన్నాళ్ల నుంచి ఉంది?’ అని. పక్కనున్న బావమరిదో, పిన్నో టెన్షన్‌లో ‘చాలా ఏళ్ల నుంచి ఉందండీ’ అనేస్తారు. షీటులో ‘కె/సి/ఓ హెచ్‌టీఎన్, 6 ఇయర్స్’ అని, అంటే ఆరేళ్లుగా బీపీ ఉన్న మనిషని, ఒక ముక్క పడుతుంది. పాలసీ తీసుకుని మూడేళ్లే అయితే, ఇక కంపెనీకి వేరే సాక్ష్యం ఎందుకు? నిజంగా నిరుడే బీపీ బయటపడినవాళ్లు కూడా ఆ ఒక్క ముక్కతో చిక్కుల్లో పడతారు. అందుకే డాక్టరు రాసిన మొదటి మందుల చీటీ, మొదటి రిపోర్టు తేదీతో సహా దాచుకోవాలి. ఆ తేదీ మీ భార్యకూ తెలిసి ఉండాలి. మీరు రికార్డు అంటే భయపడుతున్నారు గానీ, రేపు మిమ్మల్ని కాపాడేది ఆ రికార్డే.

నిజం చెబితే పోయేది కొద్దే. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో నిబంధనలు మార్చింది. ముందే ఉన్న జబ్బుకు వెయిటింగ్ పీరియడ్, అంటే ఆ జబ్బుకు క్లెయిము ఇవ్వని కాలం, గరిష్ఠంగా 36 నెలలే, అంతకుముందు 48 ఉండేది. 60 నెలలు ఆగకుండా పాలసీ నడిపితే, ఆ తర్వాత ఏదో చెప్పలేదన్న సాకుతో క్లెయిము ఆపడానికి లేదు, మోసం రుజువైతే తప్ప. ‘అయిదేళ్లు నెట్టుకొస్తే చాలు’ అని ఏజెంటు చెప్పేది దీని గురించే. ఆ చివరి మాట మాత్రం చెప్పడు. మీ ఇంట్లో పక్షవాతం 54కే వచ్చింది, గుర్తుంచుకోండి.

కొంచెం ఎక్కువ ప్రీమియంతో బీపీకి మొదటి రోజు నుంచే కవరేజీ ఇచ్చే పాలసీలు కూడా ఉన్నాయి. మీ వయసుకు అవి చూడదగ్గవే. ఇంకో మాట, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు. ఆ 18 వేలు పాత లెక్క కాదు కదా, అడగండి. పన్ను ఆదా అవుతుందనే మాట కూడా పక్కన పెట్టండి. ఆరోగ్య పాలసీ ప్రీమియం మీద ఆదాయపన్నులో వచ్చే 80డి మినహాయింపు పాత పన్ను విధానంలోనే. మీ జీతానికి కొత్త విధానంలో ఎలాగూ పన్ను పడదు.

వెయిటింగ్ పీరియడ్ ఉన్న పాలసీ తీసుకుంటే ఆ మూడేళ్లూ బీపీ వల్ల వచ్చే గుండె, మెదడు, కిడ్నీ సమస్యలకు మీకు ఆసరా ఆఫీసు పాలసీయే. ఇలా కంపెనీలు ఉద్యోగులందరికీ కలిపి తీసుకునే గ్రూపు పాలసీల్లో మామూలుగా ముందే ఉన్న జబ్బులకు మొదటి రోజు నుంచే కవరేజీ ఉంటుంది. మీదాంట్లో ఉందో లేదో హెచ్‌ఆర్‌ను అడగండి. మూడు లక్షలు చాలవు కాబట్టి చీటీ డబ్బును బండి మీదా బంగారం మీదా పెట్టకండి. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి మూడేళ్లు ముట్టుకోకండి. ఉద్యోగం మారాలనుకుంటే కొత్త చోట చేరిన రోజు నుంచే పాలసీ ఉంటుందని ఖాయం చేసుకున్నాకే ఈ ఉద్యోగం వదలండి.

టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతే కుటుంబానికి డబ్బు ఇచ్చే జీవిత బీమా, గురించి మీరు అడగలేదు. ఇద్దరు పిల్లలు, మీ ఒక్కరి జీతం, ఇలాంటి కుటుంబ చరిత్ర. అసలు ఆరోగ్య పాలసీ కంటే ముందు అదే తీసుకోవాలి. కనీసం 75 లక్షలకు చూడండి. అందులోనూ బీపీ సంగతి రాయండి. బీపీ అదుపులో ఉన్నట్టు రీడింగులు చూపిస్తే మామూలుగా కొంత లోడింగ్‌తో, అంటే అదనపు ప్రీమియంతో, ఇస్తారు. ఏ మందూ వాడకుండా మెడికల్ టెస్టులో 148/96 వస్తే వాయిదా వేయొచ్చు. డాక్టరును ముందు కలవమనడానికి అదొక కారణం.

ఇక నెల ఖర్చు. చేతికి కట్టే బీపీ మిషను ఒకసారి కొనండి, మణికట్టుది కాదు, మోచేతికి పైన చుట్టేది. అయిదు నిమిషాలు కూర్చున్నాక చూసుకుని, తేదీతో రాసుకోండి. మాత్ర అవసరమా కాదా, కిడ్నీ పరీక్షలు, ఈసీజీ కావాలా అన్నది డాక్టరు తేలుస్తారు. మాత్రలు రాస్తే, అవే మందులు జన ఔషధి దుకాణంలో దొరుకుతాయా అని అడగండి, ధరలో తేడా మీకే తెలుస్తుంది. వంశంలో వస్తున్నది ఒక్క రక్తమే కాదు, ఒక వంటిల్లు కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది, అంటే చెంచాడు. పచ్చడి, అప్పడం, చల్ల మిరపకాయలు ఒకే కంచంలో ఉంటే అది మధ్యాహ్నానికే దాటిపోతుంది.

అన్నయ్య సంగతి కూడా మీ బడ్జెట్‌లోదే. ఆయన నెలకు 400 మిగుల్చుకుంటున్నాననుకుంటున్నారేమో. మాత్ర వేసుకోవడం వల్లే బీపీ నార్మల్‌కు వస్తుంది, నార్మల్ వచ్చిందని మానేస్తే మళ్లీ పెరుగుతుంది. ఆయనకు ఏదైనా అయితే ఈసారి ఖర్చు ఎవరి మీద పడుతుందో మీకు తెలుసు. అవసరమైతే ఆ మాత్రల డబ్బు మీరే కట్టండి, ఆయనకూ ఒక పాలసీ చూడండి.

పాలసీ వచ్చాక దరఖాస్తు కాపీ తీసి, బీపీ దగ్గర మీరు చెప్పిందే రాశారా లేదా చూసుకోండి. తప్పుంటే వెంటనే కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. నచ్చకపోతే చేతికందిన 30 రోజుల్లోపు వెనక్కి ఇచ్చేయొచ్చు.