ఆరేదాకా ఆగు చిన్నీ

చిన్నీ,

నువ్వు ఆయిల్ పెయింటింగ్ మొదలుపెట్టావని, అదీ వాన్ గో వేసిన సైప్రస్ చెట్ల గోధుమ చేనుతోనే అని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పొంగిపోయాను. వెంటనే నీ హాస్టల్ గది గుర్తొచ్చి టెన్షన్ పట్టుకుంది. ఉన్నదొక్క కిటికీ, ఏసీ కోసం అదీ మూసే ఉంటుంది. రంగు పల్చన చేసే టర్పెంటైన్ సీసా మూత తీసేముందు ఆ కిటికీ తియ్యి.

చూసి వేయడం నామోషీ అనుకోకు. 1889లో ఫ్రాన్సులోని సాన్ రెమీలో చికిత్స పొందుతూ వాన్ గో కూడా మిలే అనే చిత్రకారుడి బొమ్మల నలుపు తెలుపు అచ్చులు పెట్టుకుని రంగుల్లో వేశాడు. ఈ గోధుమ చేనునే మళ్లీ మళ్లీ వేసుకున్నాడు. ఒకటి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో, ఇంకోటి లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్నాయి.

అసలు బొమ్మ వెడల్పు దాదాపు 93 సెంటీమీటర్లు. నీకు 12 బై 16 అంగుళాలు చాలు. సైప్రస్‌కి నల్లరంగు ట్యూబ్ ముట్టుకోకు. ప్రష్యన్ బ్లూ, వెరిడియన్, కాస్త బర్న్ట్ సియెన్నా కలుపు. కింది పూత పల్చగా, పైపూతల్లో నూనె ఎక్కువ. తిరగేస్తే పగుళ్లే.

ఇక నా ఘనకార్యం విను. 1981 ఆషాఢంలో, మా అక్కయ్య, అదే మీ అమ్మమ్మ, గృహప్రవేశానికి ఇద్దామని ఇదే బొమ్మ క్యాలెండర్ చూసి వేశాను. మబ్బుల్లో తెల్లరంగు కత్తితో వెన్నలా పెట్టాను. బయట ముసురు. పది రోజులకి వేలితో తాకితే అంటలేదు, ఆరిందనుకున్నాను. నీళ్లలా ఆవిరైపోయేదా నూనె? గాలి పీల్చుకుని మెల్లగా గట్టిపడాలి. పైన పొర కట్టింది, లోపల పచ్చిగానే ఉంది. నేను డ్రాయింగ్ మాస్టార్ని, పిల్లలకి ఈ పాఠం చెప్పినవాణ్ణే! శ్రావణంలో న్యూస్‌పేపర్ చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని రాజమండ్రి వెళ్లాను. బస్సు నిండా జనం. నా మోచేయి ఆ మబ్బుల మీదే.

అక్కయ్య అందరి ముందూ విప్పింది. కాగితం రాలేదు. లాగితే మబ్బు సగం దానితో వచ్చింది, మిగిలిన సగం మీద సినిమా ప్రకటన అద్దంలో అక్షరాల్లా అచ్చుపడింది. ఎవరో నవ్వారు. నేను పెరట్లోకి వెళ్లి నూతిగట్టు మీద కూర్చున్నాను. తిరిగొచ్చేసరికి అక్కయ్య హాల్లో మేకు కొట్టించి దాన్ని తగిలించేసింది. చిన్నప్పుడు ఆ మబ్బు చూపించి "ఇదేం భాష అమ్మమ్మా?" అని నువ్వడిగితే ఫ్రెంచి అని చెప్పింది. కాదే, మ్యాట్నీ టైములు.

అందుకని దళసరిగా పెట్టిన చోట నెలలు ఆగాలి. సంక్రాంతికి తెస్తానన్నావట, తేకు. ఫొటో పంపు, చాలు.

ఇంకొకటి, దీనికి మాత్రం తిడతాను. రంగుల్లో కలిపే లిన్సీడ్ (అవిసె) నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకు. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. బయట విడివిడిగా పరిచి ఆరబెట్టు, లేదా నీళ్లున్న డబ్బాలో వేసి మూతపెట్టు. రాత్రి ఆ పని అయ్యాక ఒక్క మెసేజ్ పెట్టు. పదకొండైనా నేను మెలకువగానే ఉంటాను.

తాతయ్య