ఫిల్టర్ కిందికి దిగితే నీళ్లు పైకెక్కుతాయి

ప్రశ్న: కారుకి కోల్డ్ ఎయిర్ ఇంటేక్ (ఇంజన్‌కి బయటి చల్లగాలిని అందించే పైపు, ఫిల్టర్ కిట్) పెట్టించాను. ఫిల్టర్ ముందు బంపర్ వెనక, చక్రానికి దగ్గర్లో కిందికి ఉంది. వానలో నడిపితే ఇంజన్‌లోకి నీళ్లు పోతాయని స్నేహితులు భయపెడుతున్నారు. నిజమేనా?

జవాబు: వాన వేరు, నిలిచిన నీళ్లు వేరు. వానలో ఎగిరిపడే తుంపర చాలావరకు ఫిల్టర్ దగ్గరే ఆగిపోతుంది. దాన్ని దాటి వెళ్లిన కాస్తా సిలిండర్ వేడికి ఆవిరై పొగ గొట్టంలోంచి బయటికి పోతుంది. కొన్ని పోటీ కార్లలోనైతే గాలిని చల్లబరచడానికి నీటిని సన్నటి తుంపరగా కావాలనే చిమ్ముతారు.

అసలు ప్రమాదం ఫిల్టర్ మునిగినప్పుడు. చుట్టూ నీళ్లు కమ్మేస్తే గాలికి దారి ఉండదు, ఇంజన్ పీల్చడం మాత్రం ఆపదు. 1 కిలోపాస్కల్ పీడన తేడా నీటిని దాదాపు 10 సెంటీమీటర్లు పైకి లాగుతుంది. మీ పైపు 60 సెంటీమీటర్లు నిటారుగా ఉన్నా 6 కిలోపాస్కల్స్ చాలు. గాలి దారి మూసుకుపోయిన ఇంజన్‌కి అదెంత పని! కంపెనీ ఎయిర్ బాక్స్ (ఫిల్టర్ ఉండే పెట్టె) నోరు సాధారణంగా హెడ్‌లైట్ వెనకో, రేడియేటర్ పైనో ఎత్తులో ఉండేది, బాక్స్ అడుగున నీళ్లు కారిపోయే చిల్లులు ఉండేది ఇందుకే. కిట్ బిగించినప్పుడు ఆ రెండు ఏర్పాట్లూ పోతాయి.

మీ బండి దగ్గర చేయాల్సినవి రెండు. బండి చదునైన చోట ఉంచి, నేల నుంచి ఫిల్టర్ అడుగు అంచు దాకా టేపుతో కొలవండి. 25 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, నిలిచిన నీళ్లు 15 దాటితే దిగకండి. బండి కదులుతుంటే బంపర్ ముందు నీరు అలలా లేస్తుంది, ఎదురుగా వచ్చే లారీ తోసే అల దానికి తోడు. ఇక రెండోది, చక్రం వెనక ప్లాస్టిక్ తొడుగు, అదే ఫెండర్ లైనర్, తిరిగి బిగించారో లేదో చూడండి. పైపుకి అడ్డొస్తోందని దాన్ని కోసేసే వాళ్లు, క్లిప్పులు పెట్టకుండా వదిలేసే వాళ్లు చాలామంది. అది లేకపోతే టైరు చిమ్మే నీళ్లూ బురదా నేరుగా ఫిల్టర్ మీదే పడతాయి.

ప్రశ్న: ఇంజన్ పాడవడానికి ఎన్ని నీళ్లు కావాలి? బకెట్టు నీళ్లు పోతే తప్ప ఏమీ కాదంటారు కొందరు.

జవాబు: బకెట్టు అక్కర్లేదు, చిన్న గ్లాసుడు కూడా అక్కర్లేదు. 2 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజన్ తీసుకోండి. ఒక్కో సిలిండర్ 500 మిల్లీలీటర్లు. కంప్రెషన్ నిష్పత్తి, అంటే సిలిండర్‌లో గాలి ఎన్నో వంతుకి కుదించుకుంటుందో ఆ లెక్క, 10:1 అయితే పిస్టన్ పైకొచ్చినప్పుడు మిగిలే చోటు 500ని 9తో భాగిస్తే వచ్చేది, అంటే దాదాపు 55 మిల్లీలీటర్లు. నీరు నొక్కితే కుదించుకుపోదు. అంతకు మించి నీళ్లుంటే పిస్టన్ పైదాకా రాలేదు, వెనక నుంచి తోసే క్రాంక్ (పిస్టన్లని ఆడించే ఇరుసు) ఆగదు, మధ్యలో ఆ రెంటినీ కలిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. సగమే, 28 మిల్లీలీటర్లే చేరినా కంప్రెషన్ నిష్పత్తి 19 దాటుతుంది. అంత ఒత్తిడికి తయారైన ఇంజన్ కాదది. డీజిల్ ఇంకా నాజూకు: 16:1 నిష్పత్తి ఉన్న అదే సైజు సిలిండర్‌లో మిగిలే చోటు 33 మిల్లీలీటర్లే.

వేగం కూడా లెక్కే. ఐడ్లింగ్‌లో నీళ్లు పీలిస్తే చాలాసార్లు ఇంజన్ ఆగిపోయి ఊరుకుంటుంది. 3000 ఆర్‌పీఎంలో పీలిస్తే రాడ్ విరిగి బ్లాకుకి చిల్లు పెట్టగలదు.

ప్రశ్న: బైపాస్ వాల్వ్ పెట్టిస్తే సరిపోతుందా? ఫిల్టర్‌కి తొడిగే నీళ్లు పట్టని గుడ్డ కూడా అమ్ముతున్నారు.

జవాబు: రెండూ ఒకటి కావు. గుడ్డ తొడుగు తుంపరనీ దుమ్మునీ ఆపుతుంది, మునిగితే దానివల్ల ఉపయోగం సున్నా. బైపాస్ వాల్వ్ పైపు మధ్యలో బిగిస్తారు; కింద ఫిల్టర్ మూసుకుపోయి పైపులో పీల్పు పెరిగితే అది తెరుచుకుని పై నుంచి గాలినిస్తుంది. నీటిమట్టం వాల్వ్ దాకా రాకూడదు, కాబట్టి వీలైనంత ఎత్తులోనే పెట్టాలి. టర్బో (గాలిని నొక్కి లోపలికి పంపే పంపు) ఉన్న ఇంజన్లకి దీన్ని వాడొద్దని తయారీదారులే చెబుతారు, కొనేముందు కాగితం చదవండి. ఏదేమైనా ఇది పొరపాటున పడ్డ గుంటకి రక్ష, చెరువులో దిగడానికి లైసెన్సు కాదు.

ప్రశ్న: నీళ్లలో బండి ఆగిపోయింది. రెండుసార్లు సెల్ఫ్ కొడితే టక్కుమని ఆగింది. ఇప్పుడు ఏం చేయాలి?

జవాబు: ఇక మూడోసారి కొట్టకండి. తోసి స్టార్ట్ చేయడం, గేరులో వేసి లాగించడం అసలే వద్దు. ఇగ్నిషన్ ఆపి, బండిని న్యూట్రల్‌లో పెట్టి పొడి చోటికి చేర్చండి. ఆటోమేటిక్ అయితే చక్రాలు నేలకి ఆనకుండా ఎత్తుకెళ్లే వాహనం పిలిపించండి.

ముందు ఫిల్టర్ విప్పి, పైపు లోపల వేలు పెట్టి చూడాలి. థ్రాటిల్ (ఇంజన్‌లోకి గాలిని వదిలే ద్వారం) దాకా తడి ఉంటే నీళ్లు లోపలికి పోయాయనే అనుకోవాలి. టర్బో ఉంటే ఇంటర్‌కూలర్ (టర్బో పంపే గాలిని చల్లబరిచేది) కింది గొట్టం విప్పి నీళ్లు వంచేయాలి, దీన్ని మరిచిపోయి స్టార్ట్ చేసి రెండోసారి ఇంజన్ పోగొట్టుకుంటారు. ఆయిల్ గేజ్ తీసి చూడండి. ఆయిల్ పాలచాయ రంగులో ఉన్నా, మట్టం పెరిగినా అందులో నీళ్లు కలిశాయి.

తర్వాత ఫ్యూయల్ పంప్ ఫ్యూజు తీసి, ఇగ్నిషన్ కాయిల్స్ ప్లగ్గులు ఊడదీసి, స్పార్క్ ప్లగ్‌లన్నీ విప్పాలి. డీజిల్‌కైతే గ్లో ప్లగ్‌లు గానీ ఇంజెక్టర్లు గానీ. క్రాంక్ పుల్లీ బోల్టుకి రెంచి వేసి, ఇంజన్ తిరిగే దిశలోనే చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా అడ్డుకుంటే అక్కడితో ఆపి ఇంజన్ విప్పడమే. నున్నగా తిరిగితే అప్పుడు కొద్దిసేపు సెల్ఫ్ ఇవ్వండి. ప్లగ్ చిల్లుల్లోంచి నీళ్లు ధారగా ఎగజిమ్ముతాయి, ముఖం అక్కడ పెట్టకండి. నీళ్లు ఆగాక ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చేత్తో తిప్పాలి, లేకపోతే గోడలు తుప్పుపడతాయి.

ఇంజన్ స్టార్టయిందని సంబరపడే ముందు కంప్రెషన్ పరీక్ష (ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి ఎంత వస్తోందో కొలవడం) చేయించండి. ఒక సిలిండర్ మాత్రం మిగతావాటికన్నా బాగా తక్కువ చూపిస్తే రాడ్ వంగి పొట్టిదైందని అనుమానించాలి. ప్లగ్ చిల్లు నిటారుగా ఉన్న ఇంజన్లలో ఇంకో పద్ధతి ఉంది: ఒక్కో పిస్టన్‌ని పైకి తెచ్చి, సన్నటి నున్నటి కడ్డీ దించి లోతు గుర్తు పెట్టుకోవడం. ఏదైనా ఒకటి మిల్లీమీటరు కిందికి ఉంటే రాడ్ పోయినట్టే. వంగిన రాడ్‌తో బండి కొన్ని వారాలు మామూలుగా నడవొచ్చు, తర్వాత హైవే మీద విరుగుతుంది. అన్నీ సరిగ్గా ఉంటే ఆయిలూ ఆయిల్ ఫిల్టరూ మార్చి, కాసేపు నడిపి, మళ్లీ మార్చాలి.

ప్రశ్న: వానాకాలంలో పాత ఎయిర్ బాక్స్ తిరిగి పెట్టుకుంటే పవర్ తగ్గుతుందా?

జవాబు: మీకు తెలిసేంత తగ్గదు. లోపలికి పోయే గాలి 3 డిగ్రీలు చల్లబడితే దాని సాంద్రత దాదాపు 1 శాతం పెరుగుతుంది, కిట్ ఇచ్చే లాభం ఆ లెక్కలోదే. పైగా కంపెనీ బాక్సు కూడా బయటి గాలినే తీసుకుంటుంది. తిరిగి బిగించేటప్పుడు ఎయిర్ ఫ్లో సెన్సర్‌ని (లోపలికి పోయే గాలిని కొలిచేది) కొత్త ఓరింగ్‌తో, అంటే రబ్బరు వలయంతో, పెట్టించండి, పాతది గట్టిపడి గాలి లీకవుతుంటుంది.